ఆస్ట్రేలియాలో అబోరిజినల్ పెయింటింగ్ కొనేముందు: చుక్కలు చూసి కాదు, పేరు చూసి కొనండి

మీరు అడిగింది ఇది: మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు, విజయవాడలో అక్కగారి గృహప్రవేశానికి ఒక అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసుల) పెయింటింగ్ తీసుకెళ్ళాలనుకుంటున్నారు, బడ్జెట్ 400 ఆస్ట్రేలియన్ డాలర్లు. టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపువాళ్ళు చుక్కల పెయింటింగ్ 90కే ఇస్తామన్నారు, సర్టిఫికెట్ కూడా ఉందట. అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, పెయింటింగ్ కాకపోతే ఇంకేం కొనచ్చు అని. నేను అడిలైడ్‌లో చాలా ఏళ్ళుగా ఫ్రేమింగ్ పనిలో ఉన్నాను, ఈ కాన్వాసులు రోజూ నా చేతుల మీదుగా వెళ్తుంటాయి, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 90 డాలర్ల సంగతి తేల్చేద్దాం. సర్టిఫికెట్ ఉందన్నారు కదా, అందులో ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. వేసిన మనిషి పేరు, ఆ మనిషిది ఏ ఊరు, ఏ భాషవాళ్ళు, ఏ ఆర్ట్ సెంటర్ (అబోరిజినల్ సమాజమే నడుపుకునే కళా సంస్థ) నుంచి వచ్చింది, కేటలాగ్ నంబర్ ఎంత, ఇవి ఉండాలి. ఇవేవీ లేకుండా ఉత్త ‘ఒరిజినల్’, ‘హ్యాండ్ పెయింటెడ్’, ‘అబోరిజినల్ డిజైన్’ అన్న మాటలే ఉంటే ఆ కాగితానికి విలువ లేదు, ప్రింటర్ ఉన్న ఎవరైనా తీసివ్వగలరు. ‘అబోరిజినల్ స్టైల్’ అని ఉంటే ఇంక అడగక్కర్లేదు, వేసింది అబోరిజినల్ మనిషి కాదని వాళ్ళే చెప్తున్నట్టు.

ఇదేదో ఒకరిద్దరు షాపువాళ్ళ గొడవ అనుకోకండి. బిరుబి ఆర్ట్ అనే హోల్‌సేల్ కంపెనీ 2015 నుంచి 2017 దాకా బూమరాంగ్‌లు, డిడ్జరిడూలు (పొడవాటి చెక్క ఊదుడు వాద్యాలు), రంగులేసిన రాళ్ళు లాంటి 18 వేలకు పైగా వస్తువుల్ని షాపులకు అమ్మింది, వాటిమీద అబోరిజినల్ కళ అనీ చేత్తో వేసిందనీ ముద్రలు, తయారైంది మాత్రం ఇండోనేషియాలో. వినియోగదారుల కమిషన్ కోర్టుకు లాగితే 2018లో ఫెడరల్ కోర్టు ఇది మోసమని తేల్చి, 2019లో 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే కంపెనీ మూసివేత (లిక్విడేషన్)లో ఉంది. అయితే ఆ కేసు నడిచింది కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించారన్న పాయింట్ మీద. అదే డిడ్జరిడూ మీద ‘ఇండోనేషియాలో చేసింది’ అని సరిగ్గా రాసి అమ్మితే అడ్డుకునే చట్టం లేదు. అలాంటి చట్టం తెస్తామని ప్రభుత్వం 2023 జనవరిలో ప్రకటించింది. 2022లో ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ లెక్క తీస్తే, ఈ తరహా సావనీర్ల మీద జనం పెట్టే డబ్బులో సగానికి పైగా అబోరిజినల్ వాళ్ళ చెయ్యి పడని సరుకుకే పోతోందని తేలింది. టూరిస్టు వీధిలో మీ కంటికి కనిపించే దాంట్లో ఎక్కువ భాగం నకిలీ అనుకునే షాపులోకి అడుగుపెట్టండి.

మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ అని చెప్పి స్క్రీన్ ప్రింట్ గుడ్డ అంటగట్టేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. చేసేవాళ్ళ కూలి పోవడం రెండు చోట్లా ఒకటే, కానీ ఇక్కడ ఇంకో విషయం ఉంది, అది తెలియకపోతే నేను పేరు పేరు అని ఎందుకు పట్టుబడుతున్నానో అర్థం కాదు. ఇక్కడ చాలా బొమ్మలు ఎవరు పడితే వాళ్ళు వెయ్యడానికి లేదు. ఒక నీటిగుంటకో కొండకో సంబంధించిన కథ ఫలానా వంశానిది, దాన్ని వేసే హక్కు ఫలానా వాళ్ళది, ఎంతవరకు బయటికి చూపించాలో పెద్దవాళ్ళు చెప్తారు. తొంభైల్లో పెర్త్‌లోని ఒక కంపెనీ ఇలాంటి బొమ్మల్ని అడగకుండా కాపీ కొట్టి వియత్నాంలో కార్పెట్లుగా నేయించి తెచ్చింది. అందులో బందుక్ మారికా అనే, ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యోల్ంగు తెగ కళాకారిణి వేసిన బొమ్మ ఒకటి ఉంది, అది పవిత్రమైన నీటిగుంట కథ. ఆ బొమ్మను జనం కాళ్ళతో తొక్కే చోట పరిచారంటే బాధ ఒక్కటే కాదు, తనకు తెలియకుండా జరిగినా సరే ఆ బొమ్మ దుర్వినియోగానికి తన వాళ్ళ ముందు జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే. 1994లో కోర్టు కళాకారుల పక్షాన తీర్పిచ్చి, సుమారు లక్షా 88 వేల డాలర్ల పరిహారం కట్టమంది, పరిహారం లెక్కగట్టేటప్పుడు ఈ సాంస్కృతిక నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఇదంతా తెలిశాక, ఎవరు వేశారో తెలియని బొమ్మను ఇంటి గోడకు ఎక్కించాలని నాకైతే మనసొప్పదు.

ఇంక చుక్కల గురించి. అబోరిజినల్ ఆర్ట్ అంటే చుక్కలే అని మనవాళ్ళు గట్టిగా అనుకుంటారు, అదే ఆ షాపుల పెట్టుబడి. కాన్వాస్ మీద చుక్కలు మధ్య ఎడారి వాళ్ళ పద్ధతి, అది మొదలై ఎంతో కాలం కాలేదు కూడా. 1971లో ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోని పపున్యా అనే చోట, జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు ప్రోత్సాహంతో అక్కడి పెద్దమనుషులు బడి గోడమీద తేనెచీమల కథ వేశారు. అంతకుముందు ఇసుక మీద, ఒంటి మీద వేసుకునే గుర్తులే అవి. గోడ నుంచి బోర్డు ముక్కల మీదికి, అక్కణ్ణుంచి కాన్వాస్ మీదికి వచ్చాయి, 1972లో కళాకారులే యజమానులుగా పపున్యా తులా అనే కంపెనీ పెట్టుకున్నారు, అది ఈరోజుకీ నడుస్తోంది.

ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌కి వెళ్తే చుక్కలు కాదు, సన్నటి అడ్డగీతల అల్లిక, స్ట్రింగీబార్క్ అనే యూకలిప్టస్ చెట్టు బెరడు మీద. వానాకాలంలో చెట్టులో రసం పారేటప్పుడు బెరడు ఒలిచి, నిప్పు మీద వేడిచేసి, బరువులు పెట్టి చదును చేసి, మట్టి రంగులతో వేస్తారు. వాయవ్యాన కింబర్లీ వైపు వార్మున్‌లో అయితే మట్టిరంగులతోనే పెద్ద పెద్ద ఖాళీ జాగాలు. మీరుండే మెల్‌బోర్న్ వైపు అసలు సంప్రదాయం గీతలదీ డైమండ్ ఆకారాలదీ, పోసమ్ (చెట్లమీద తిరిగే చిన్న జంతువు) చర్మాల దుప్పట్ల మీద చెక్కే గీతలు అవి. అందుకే మెల్‌బోర్న్‌లో ఎవరైనా చుక్కల బొమ్మ చూపించి ఇది లోకల్ ఆర్ట్ అంటే అక్కడే అనుమానించాలి.

ఇందులోనే మనవాళ్ళు పడే ఇంకో పొరపాటు ఉంది: పాతకాలం నాటి వస్తువులా కనిపిస్తేనే అసలుదని నమ్మడం. ఎడారి చిత్రకారిణి ఎమిలీ కామె ఙ్వారే పేరు విని ఉంటారు, 2025లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో ఆవిడ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. యుటోపియా అనే చోట ఆవిడ 1977 ప్రాంతంలో మొదలుపెట్టింది బాతిక్, అంటే మైనం పెట్టి గుడ్డకు రంగెయ్యడం, అది జావా వాళ్ళ విద్య. కాన్వాస్ పట్టుకునేసరికి డెబ్భై ఏళ్ళు దాటాయి, 1996లో చనిపోయేలోపు సుమారు ఎనిమిదేళ్ళలో వేసిందే మనం ఈరోజు చూస్తున్నది. ఆ పెయింటింగుల్లో యామ్ దుంపల తీగలు పాకినట్టు పరుగెత్తే గీతల్ని ఎదురుగా నిలబడి చూడాలి, ఫోన్‌లో కాదు. ఎడారిలోని ఎర్నబెల్లా అనే ఊళ్ళో 1948లో ఉన్ని రగ్గులతో మొదలైన ఆర్ట్ సెంటర్ తర్వాత బాతిక్ చేసింది, ఇప్పుడు పింగాణీ చేస్తోంది. ఎడారి ఆడవాళ్ళు గడ్డితో చుట్టి కుట్టే బుట్టలు, త్జాన్పీ డెజర్ట్ వీవర్స్ పేరుతో అమ్ముతారు చూడండి, ఆ బుట్టల పని అక్కడికి వచ్చింది 1995లో ఒక వర్క్‌షాప్‌తో. పదేళ్ళు తిరిగేసరికి బ్లాక్‌స్టోన్ అనే ఎడారి ఊరి ఆడవాళ్ళు నిజం సైజు టొయోటా బండిని గడ్డితో అల్లి 2005లో దేశంలోనే పెద్దదైన అబోరిజినల్ కళా బహుమతి గెలిచారు. అదే బహుమతి 2018లో గుణ్బి గనంబర్‌కి వచ్చింది, ఆయన చెక్కింది అల్యూమినియం రేకు మీద. గడ్డి టొయోటా అసలుది, అల్యూమినియం రేకు అసలుది, ఇండోనేషియాలో పాతదానిలా కనిపించేట్టు గోధుమరంగు పూసిన బూమరాంగ్ అసలుది కాదు. ఎవరు చేశారు, ఏ నేలవాళ్ళు, ఆ కథ చెప్పే హక్కు వాళ్ళకుందా, తేడా అంతా అక్కడుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎడారి చిత్రకారుడు క్లిఫర్డ్ పోసమ్ త్జపాల్త్జారి వేసిన వార్లుగులోంగ్ అనే పెద్ద పెయింటింగ్‌ని 1977లో ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొంది. 2007లో వేలంలో అదే పెయింటింగ్ 24 లక్షల డాలర్లు పలికింది, కొన్నది కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ. ఆయన 2002లోనే చనిపోయారు, ఆ 24 లక్షల్లోంచి కుటుంబానికి చట్టప్రకారం పైసా రావాల్సిన అవసరం అప్పటికి లేదు. 2010 జూన్ నుంచి ఒక చట్టం అమల్లో ఉంది: గ్యాలరీ, డీలర్ లేదా వేలం ద్వారా వెయ్యి డాలర్లు, ఆపైన తిరిగి అమ్ముడైతే 5 శాతం కళాకారుడికి, చనిపోయాక 70 ఏళ్ళదాకా వారసులకు. మంచి చట్టం, కానీ మొదటి అమ్మకంలో జరిగే దోపిడీని అది ఆపలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో కొందరు డీలర్లు ముసలివాళ్ళను మోటళ్ళలో కూర్చోబెట్టి వేయించుకుని, చేతిలో నాలుగు నోట్లో, పాడుబడ్డ కారో పెట్టి పంపేవాళ్ళు, ఇదంతా 2007లో సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. ఇలాంటి పెయింటింగులతోపాటు కూడా కళాకారుడు దాన్ని పట్టుకుని నిలబడ్డ ఫొటో ఇస్తారు. నా దగ్గరికి ఫ్రేమింగ్‌కి తెచ్చేవాళ్ళు ఆ ఫొటో చూపించి ఎంత సంబరపడతారో. ఆ మనిషి దాన్ని పట్టుకున్నారని మాత్రమే ఫొటో చెప్తుంది, ఎంత ముట్టిందో చెప్పదు.

అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే, ఆర్ట్ సెంటర్ ద్వారా కొనండి. మారుమూల ఊళ్ళలో అక్కడి సమాజమే నడుపుకునే సంస్థలు ఇవి, దేశం మొత్తం మీద సుమారు వంద దాకా ఉన్నాయి. రంగులు, కాన్వాస్ వాళ్ళే ఇస్తారు, అమ్మిన డబ్బులో సాధారణంగా సగమో, సగానికి కాస్త పైనో కళాకారులకు వెళ్తుంది, మిగతాది సెంటర్ నడపడానికి. ప్రతి పనికీ నంబర్ వేసి రాసిపెడతారు. చాలా సెంటర్లు ఆన్‌లైన్‌లో అమ్మి మెల్‌బోర్న్‌కి కొరియర్ చేస్తాయి. ఆగస్టులో డార్విన్‌లో జరిగే ఆర్ట్ ఫెయిర్‌కి డజన్లకొద్దీ సెంటర్లు వస్తాయి, అక్కడ అమ్మకం డబ్బు మొత్తం సెంటర్లకే, నిర్వాహకులు కమిషన్ తీసుకోరు, అప్పుడు ఆన్‌లైన్‌లో కూడా పెడతారు. మెల్‌బోర్న్‌లోనే అయితే ఫెడరేషన్ స్క్వేర్‌లో కూరీ హెరిటేజ్ ట్రస్ట్ షాప్ ఉంది, ఆగ్నేయ ప్రాంతం వాళ్ళ పనులు చూడొచ్చు, పక్కనే నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా వాళ్ళ ఇయాన్ పాటర్ సెంటర్ ఉంది, కొనేముందు ఒక పూట అందులో తిరగండి, కన్ను కుదురుతుంది.

ప్రైవేట్ గ్యాలరీలో కొనడం తప్పేం కాదు, మంచివి బోలెడున్నాయి. ఇండిజెనస్ ఆర్ట్ కోడ్‌లో (కళాకారులతో న్యాయంగా వ్యవహరిస్తామని డీలర్లు ఒప్పుకునే నియమావళి) సభ్యులా అని అడగండి, అది 2010 నుంచి ఉంది, చేరాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం కాబట్టి చేరిన వాళ్ళకు ఒక మార్కు ఎక్కువ వెయ్యొచ్చు. తర్వాత మొహమాటపడకుండా అడగండి: వేసింది ఎవరండీ, ఏ ఊరు, మీ దగ్గరికి ఎలా వచ్చింది, వాళ్ళకు డబ్బు ఎలా ఇచ్చారు, ముందే కొనేశారా, అమ్ముడయ్యాక ఇస్తారా. మంచి షాపువాళ్ళకు ఈ ప్రశ్నలు ఇష్టం, కుర్చీ వేసి మరీ చెప్తారు. నసిగితే బయటికి వచ్చెయ్యండి.

మీ 400కి ఏం వస్తుందంటే, ఆర్ట్ సెంటర్ నుంచి చిన్న కాన్వాస్, అడుగు చదరం నుంచి ఒకటిన్నర అడుగు దాకా, హాయిగా వస్తుంది. గోడ నిండా ఉండాలంటే కుదరదు, దానికోసం నకిలీ వైపు వెళ్ళొద్దు. మీ అక్కగారికి చీరలూ గుడ్డలూ ఇష్టమైతే నేను పెయింటింగ్ కంటే గుడ్డే కొనమంటాను. తివి ద్వీపాల్లో 1969లో మొదలైన తివి డిజైన్స్, మనింగ్రిడాలో ఆడవాళ్ళు నడిపే బబ్బర్రా, ఇంకా ఇంజలక్, వీళ్ళంతా కాటన్, లినెన్ మీద చేత్తో స్క్రీన్ ప్రింట్ వేసి మీటర్ల లెక్కన అమ్ముతారు, ప్రతి డిజైన్ వెనకా దాన్ని వేసినవాళ్ళ పేరుంటుంది. రెండు మీటర్లు తీసుకుని చెక్క చట్రానికి బిగిస్తే ఏ కాన్వాస్‌కీ తీసిపోదు, మడత పెట్టుకుని సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. త్జాన్పీ బుట్ట కూడా మంచి ఎంపికే, కాకపోతే కొన్నింటిలో ఈము ఈకలు కలిపి కుడతారు, అలాంటివి దేశం దాటించడానికి పర్మిట్ అవసరమా అని అమ్మేవాళ్ళను ముందే అడగండి. డిడ్జరిడూ జోలికి వెళ్తే లోపలికి టార్చ్ వేసి చూడండి: అసలుది చెదలు తొలిచిన యూకలిప్టస్ కొమ్మ, లోపల గతుకులుగా ఉంటుంది. నున్నగా గొట్టంలా ఉంటే డ్రిల్ పెట్టినదో వెదురుదో అన్నమాట.

ఇంకో మాట, ‘మేడ్ ఇన్ ఇండియా’ అని లేబుల్ కనబడగానే వెనక్కి పెట్టెయ్యకండి. పోర్ట్ అడిలైడ్‌లోని బెటర్ వరల్డ్ ఆర్ట్స్ అనే సంస్థ ఎడారి కళాకారుల బొమ్మల్ని కాశ్మీర్‌లో ఉన్నితో చైన్ స్టిచ్ కుట్టించి కుషన్ కవర్లు, రగ్గులు చేయిస్తుంది, కళాకారుడి పేరు, కథ వస్తువుతోనే వస్తాయి, రాయల్టీ వాళ్ళకు వెళ్తుంది. తొంభైల నాటి ఆ కార్పెట్లకూ వీటికీ తేడా అనుమతి, పేరు, డబ్బు, ఈ మూడే. మన కాశ్మీర్ చేతిపని, ఇక్కడి ఎడారి కథ ఒకే కుషన్ మీద ఉంటే గృహప్రవేశానికి ఇంతకంటే ఏం కావాలి, ఒక జత మీ బడ్జెట్‌లో పడుతుంది.

అబోరిజినల్ కాకుండా వేరే ఆస్ట్రేలియన్ చేతిపనులంటే, మా అడిలైడ్‌లో జామ్‌ఫ్యాక్టరీ ఉంది, 1973 నుంచి గాజు, పింగాణీ, ఫర్నిచర్, నగల పని నేర్పుతున్నారు, పక్కనే షాపు, కొలిమి దగ్గర గాజు ఊదుతుంటే నిలబడి చూడొచ్చు. కాన్‌బెర్రాలో పాత పవర్‌హౌస్‌ని గ్లాస్‌వర్క్స్‌గా మార్చారు. కానీ గాజు విమానంలో విజయవాడ దాకా అంటే టెన్షనే. కొనడానికి కాదు గానీ చూడటానికి రమేశ్ మారియో నిత్యేంద్రన్ బొమ్మలు ఎక్కడ పెట్టినా వదలకండి, కొలంబోలో పుట్టి సిడ్నీలో పెరిగిన తమిళ కుర్రాడు, బహుముఖాలూ బహుహస్తాలూ ఉన్న దేవతల్లాంటి బొమ్మల్ని మట్టితో, ఒళ్ళు గగుర్పొడిచే రంగులతో చేస్తాడు. మన కళ్ళను అవి ఇట్టే పట్టేస్తాయి.

చివరగా నా వృత్తి సంగతులు. కాన్వాస్‌ని చట్రం మీద బిగించకుండా చుట్టిన రూపంలోనే తీసుకోండి. చుట్టేటప్పుడు రంగువైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే రంగు ముడుచుకుని పగుళ్ళు వస్తాయి. గొట్టం ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. మధ్యలో యాసిడ్ లేని కాగితం పెట్టండి, బబుల్ ర్యాప్ మాత్రం రంగుకి తగలనివ్వద్దు, ఎండకి అక్రిలిక్ మెత్తబడి బుడగల అచ్చులు పడిపోతాయి. విజయవాడ ఎండల్లో కారులో వదిలేస్తే ఇంక చెప్పక్కర్లేదు. అక్కడ ఫ్రేమ్ కట్టించేటప్పుడు చుట్టూ ఉన్న ఖాళీ అంచు కత్తిరించవద్దని గట్టిగా చెప్పండి, బిగించడానికి ఆ అంచే ఆధారం. వెనకవైపు కళాకారుడి పేరు, కేటలాగ్ నంబర్ రాసి ఉంటాయి, వాటిమీద టేపు, జిగురు పడకూడదు, ముందే ఫొటో తీసి సర్టిఫికెట్‌తో కలిపి పెట్టండి. అక్రిలిక్ కాన్వాస్‌కి గాజు అక్కర్లేదు, కాగితం మీద ప్రింట్ అయితేనే గాజు, అదీ కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ (అట్ట అంచు) వేసి. బాత్రూం గోడకి అవతలివైపు తగిలించొద్దు, చెమ్మకి బూజు పడుతుంది.

ఏదైనా నచ్చితే కొనేముందు వెనకవైపు, సర్టిఫికెట్ రెండూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.